దర్వాజ మీది గీత

మా ఇంట్లో మనిషిని టేపుతో కొలవరు. గోడను కొలవొచ్చు, మంచాన్ని కొలవొచ్చు, దర్జీ దగ్గర జాకెట్టుకు కొలత ఇవ్వొచ్చు, వాటికేం అభ్యంతరం లేదు. ఒక మనిషిని నిలబెట్టి కాలి నుంచి తల దాకా టేపు పట్టడానికి మాత్రం మా అమ్మ ఒప్పుకోదు. మనిషిని అట్లా కొలిచేది ఒక్కసారేనట, గుంత తవ్వేటప్పుడు. ఆరేళ్ల కిందట మా బాపు పోయినప్పుడు వాకిట్లో ఆయన పక్కన తాడు పరిచి, తల దగ్గర ఒక ముడి, కాళ్ల దగ్గర ఒక ముడి వేసి, ఆ తాడు పట్టుకుని గుంత తవ్వడానికి పోయారు. అది మా అమ్మ కళ్లలోంచి ఇప్పటికీ పోలేదు. అందుకే ఈ విషయంలో ఆమెతో వాదన పెట్టుకోవడం నేను మానేశాను.

నేను చేసేది మాత్రం కొలిచే ఉద్యోగమే. మాది జడ్చర్ల దాటాక రోడ్డు మీదుండే ఊరు. రోజూ కంపెనీ బస్సెక్కి షాద్‌నగర్ వైపు పోతాను. అక్కడ మోటార్లలో పడే ఇనుప ముక్కలు తయారవుతాయి, వాటిని తనిఖీ చేసే సెక్షన్ నాది. ముక్క తీసుకోవడం, కొలవడం, సరిపోతే ఈ డబ్బాలో, సరిపోకపోతే ఆ డబ్బాలో వేయడం. ఇన్నేళ్లలో ఒక్క ముక్క తప్పు డబ్బాలో వేశావని నన్ను ఎవరూ అనలేదు. ఈ గొప్ప ఇప్పుడే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే ముందు ముందు చెప్పుకునే వీలుండదు.

ఫిబ్రవరిలో మొదలైంది కథ. హైదరాబాదు అవతల, రింగురోడ్డు పక్కన పెద్ద పార్కు ఉంది. రంగులరాట్నాలు, నీళ్లలో జారే బల్లలు, ఆకాశంలోకి పోయి తలకిందులయ్యే బండ్లు ఉంటాయి. మా కూతురి క్లాసు పిల్ల ఒకతి పోయి వచ్చి, వారం రోజులు దాని గురించే చెప్పిందట. మా పిల్లకు పదేళ్లు, కొడుక్కు ఏడు. ఇద్దరూ అన్నం దగ్గర, స్నానం దగ్గర, నేను బస్సు దిగి చెప్పులు విప్పకముందే, ఒక్కటే పాట. ఎండాకాలం సెలవుల్లో తీసుకుపోతానని మాట ఇచ్చేశాను. ఇచ్చాక గానీ తెలియలేదు, ఒక్క రోజు ఆడుకోవడానికి మూడు నెలలు పని చేయాలని.

నా సెలవు ఒక ఎత్తు, నా భార్య సెలవు ఒక ఎత్తు. ఆమె మా ఊరి దవాఖానలో మందులిచ్చే చోట పని చేస్తుంది. ఆదివారమైతే జనం తొక్కుకుంటారని ఎవరో చెప్పారు. బుధవారమైతే మంచిదని నేనన్నాను, ఆ బుధవారం అమావాస్య అని మా అమ్మ అంది. లోపలికి బయటి తిండి తీసుకుపోనివ్వరని కూతురు ఫోనులో చదివి చెప్పినప్పుడు మా అమ్మకు కోపమొచ్చింది.

"పొల్లగాండ్లకు నాలుగు సకినాలు కట్టుకపోతే వాళ్లకేం నొప్పి?" అంది. "అన్నం వద్దనే జాగాకు మనమెందుకు పోవుడు?"

"నువ్వు రావా అవ్వా?" అన్నాడు కొడుకు.

"నేనెందుకు రానురా? సంచి పట్టుకొని బయట కూసుంట. సకినాలు నాకాడ ఉంటయి. మీరు బయటికొచ్చి తిని పోండ్రి."

నీళ్లలో దిగాలంటే నైలాను బట్టలు ఉండాలట. చీరతో దిగనివ్వరట. నేను దిగనే దిగనని నా భార్య మొదట అంది. వారం తర్వాత బజారు నుంచి నల్లటి పొడుగు చొక్కా, పైజామా తెచ్చుకుని బీరువాలో బట్టల కింద దాచింది. నేను చూశాను గానీ ఏమీ అనలేదు. అంటే ఆ బట్టలు వెనక్కి పోయేవి.

ఇవన్నీ ఒకదారికి వస్తున్నాయనుకునే లోపు కూతురు ఫోను పట్టుకుని ఇంకో సంగతి చదివింది. ఎత్తు సంగతి. పెద్ద బండ్లు ఎక్కాలంటే పిల్లలు నూట ఇరవై సెంటీమీటర్లు ఉండాలి. అంతకు తక్కువైతే చిన్నపిల్లల వైపు, ఏనుగు బొమ్మలు, బాతు బొమ్మలు మెల్లగా తిరిగే చోట ఆడుకోవాలి.

"నేను ఎక్కుత. వీడు బాతు మీద కూసుంటడు," అంది.

నా కొడుకు ఏడవలేదు. వాడు ఏడ్చే రకం కాదు, అదే నాకు కష్టం. క్లాసులో వరుసగా నిలబెడితే ముందు నిలబడేది వీడే. నా పోలిక. వాడు అప్పటికే బడిలో అందరికీ చెప్పాడు, తలకిందులయ్యే బండి ఎక్కబోతున్నానని. నా దగ్గరికి వచ్చి, "నూట ఇరవై అంటే ఎంత నాయినా?" అని అడిగాడు. మా అమ్మ పుణ్యాన మా పిల్లలు డాడీ అనరు.

వాణ్ణి కొలిస్తే తేలిపోయేది. టేపు తీశానో లేదో, మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"పొల్లగాణ్ణి కొలవకు."

"ఒక్కసారే అమ్మా, నిమిషం పట్టదు."

"గోడను కొలువు. గీత గీయి. వాడు పోయి గీత కాడ నిలబడుతడు. వాని మీద టేపు పెట్టకు."

సరే అన్నాను. నిజానికి అది తెలివైన పద్ధతేననిపించింది. ముందరి దర్వాజ చౌకట్టు మీద గీయాలనుకున్నాను. ఆ రోజు శుక్రవారం. గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంది. కొడుకు ఉత్సాహంగా పోయి గడపెక్కి నిలబడబోతే మా అమ్మ రెక్క పట్టి కిందికి దింపింది. గడప మీద కాలు పెట్టడం మా ఇంట్లో ఇంకో నేరం. వాడు లోపలి బండల మీద నిలబడ్డాడు. నేను టేపు కొన గడప మీద ఆనించి, పైకి లాగి, నూట ఇరవై దగ్గర పెన్సిలుతో గీత గీశాను. రోజంతా కొలిచే చెయ్యి, గీత దారం పట్టినట్టు వచ్చింది. కొడుకు వచ్చి గీత కింద నిలబడ్డాడు. వాడి తలకూ గీతకూ మధ్య నా మూడు వేళ్లు పట్టాయి.

ఆ రోజు నుంచి ఆ మూడు వేళ్ల మీదే మా ఇల్లు నడిచింది. పాలు వద్దని పారిపోయేవాడు తనే గ్లాసు పట్టుకుని వచ్చేవాడు. రోజూ ఒక గుడ్డు, రాగి జావ. పెరట్లో జామచెట్టు కొమ్మ పట్టుకుని వేలాడేవాడు. బడి నుంచి రాగానే సంచి పడేసి గీత కింద నిలబడి, చెయ్యి తల మీద పెట్టి చూసుకునేవాడు. నేను రాగానే, "ఏమన్న పెరిగిన్నా నాయినా?" అనేవాడు. "జర పెరిగినవ్," అనేవాణ్ణి. ఏం పెరుగుతాడు రోజుల్లో.

ఒక ఆదివారం పొద్దున వాడు నట్టింట్లో అడ్డంగా పడుకున్నాడు. లేవమంటే లేవడు. ఏమిట్రా అంటే అసలు సంగతి బయటికొచ్చింది. పడుకున్న పిల్లలను ఎవరైనా దాటితే పెరగరని, దాటినవాళ్లు మళ్లీ వెనక్కి దాటాలని అవ్వ చెప్పింది. వీడు పుట్టిన నాటి నుంచి ఎవరు ఎన్నిసార్లు దాటి వెనక్కి దాటకుండా పోయారో ఎవరికి తెలుసు. అందుకని అందరూ ఒకసారి దాటాలి.

"ఎటు నుంచి ఎటు దాటాలెరా?" అన్నాను.

"వాకిలి దిక్కు నుంచి వంటింటి దిక్కు. బయటికి పోయేటప్పుడే కదా అందరు దాటేది."

వాడి లెక్క వాడిది. కూతురు నవ్వుకుంటూ ఎగిరి దాటింది. నా భార్య కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దాటింది. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో మంచం కోడు పట్టుకుని, ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి, దాటాక అక్కడే కూలబడి ఆయాసపడింది. నేను చివరన దాటాను. దాటుతూ కిందికి చూస్తే వాడు కళ్లు గట్టిగా మూసుకుని పడుకుని ఉన్నాడు. నాకు నవ్వు రాలేదు. 

ఎందుకంటే నేనూ ఒకసారి అట్లా కళ్లు మూసుకుని నిలబడ్డాను. తెలంగాణ వచ్చిన కొత్తలో కానిస్టేబులు ఉద్యోగాలు పడ్డాయి. అప్పటికే నాకు పెళ్లయింది, కూతురు చంటిపిల్ల. మా ఊళ్లో వయసులో ఉన్న ప్రతివాడూ పొద్దున్నే బడి మైదానంలో పరుగెత్తేవాడు. నేనూ పరుగెత్తాను. నా పరుగుకు వంక లేదు, ఎత్తే అనుమానం. మా బాపు రాతి గోడలు కట్టే మనిషి. బొంబాయి, పూణె, ఎక్కడ పని దొరికితే అక్కడికి పోయి గోడలు కట్టొచ్చాడు. చదువు రాదు, టేపు మీద అంకెలు తెలియవు. జానతో కొలిచేవాడు. మేస్త్రీలు తర్వాత టేపు పెట్టి చూసినా ఆయన జాన తప్పేది కాదు. సెలక్షన్‌కు పోయే రోజు నన్ను గోడకు నిలబెట్టి, కింది నుంచి పైకి జానలు వేసుకుంటూ వచ్చి, చివరికి నా నెత్తి మీద అరచెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగాడు.

"సరిపోతవ్, పో," అన్నాడు.

పోయాను. అక్కడ నన్ను ఎత్తు కొలిచే కట్టె కింద నిలబెట్టారు. కళ్లు మూసుకున్నాను. వేలెడు తక్కువ. పక్కకు పొమ్మన్నారు. గేటు బయట బాపు తువ్వాల నెత్తిన వేసుకుని నిలబడి ఉన్నాడు. సంగతి చెబితే తువ్వాల తీసి దులిపి మళ్లీ నెత్తిన వేసుకున్నాడు. తర్వాత, "వాళ్ల కట్టె తప్పుండొచ్చు బిడ్డా," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అంకెలు తెలియని మనిషి, ప్రభుత్వం కట్టె తప్పంటాడు. సరిపోతానని ఈయన చెప్పకుంటే ఇంత ఆశ పెట్టుకునేవాణ్ణి కాను కదా అనుకున్నాను. బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు. తర్వాత ఆయన బతికినన్ని రోజులూ ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు.

నా కొడుకు కట్టె కింద నిలబడి, ఎవరో పక్కకు పొమ్మంటే, జనం మధ్యలోంచి వెనక్కి నడిచి రావడం నాకు కళ్లకు కట్టినట్టు కనిపించేది. వాడికి ఆ రోజు రాకూడదు. దసరాకు పోదామా, అప్పటికి పెరుగుతాడు అని నా భార్యతో అన్నాను.

"ఇంకో నాలుగు నెలలు గా పొల్లగాణ్ణి చెట్టుకు వేలాడదీస్తవా?" అంది. "ఎక్కనియ్యకుంటే ఎక్కడు. నీకే ఫికర్ ఎక్కువయింది."

ఆమె మాట వినాల్సింది. నేనేం చేశానంటే, వాడికి ఒక సైజు పెద్ద బూట్లు కొన్నాను. అరిగిపోయిన నా హవాయి చెప్పులు తీసుకుని, వాడి పాదం కొలతకు ముక్కలు కోసి, ఒక్కో బూటులో రెండేసి పేర్చాను. కంపెనీలో ఒక వెంట్రుకంత తేడా వస్తే ముక్కను పక్కన పారేసేవాణ్ణి. బూట్లు లూజు కాకుండా పెట్టానని వాడికి చెప్పాను. వాడు తొడుక్కుని నాలుగడుగులు వేసి, మెత్తగా ఉన్నాయన్నాడు.

మే నెలలో ఒక గురువారం పోయాం. మా అమ్మ అన్నంత పనీ చేసింది, గేటు బయట చెట్టు కింద సకినాల డబ్బా పెట్టుకుని కూర్చుంది. పిల్లలు లోపలికి అడుగు పెట్టగానే పెద్ద బండి వైపు లాక్కుపోయారు. అది పైన గిర్రున తిరిగి తలకిందులవుతుంటే జనం అరుపులు కింది దాకా వస్తున్నాయి. వరుసలో మా ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. వరుస మొదట్లో రంగు వేసిన స్తంభం, పక్కన ఒక అమ్మాయి చిన్న చెక్క పట్టుకుని నిలబడి ఉంది. నా కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

"సరిపోతనా నాయినా?"

"సరిపోతవ్, పో," అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు నాకు తట్టలేదు.

మా వంతు వచ్చింది. ఆ అమ్మాయి వాణ్ణి చూసి, "బూట్లు ఇప్పు నానా," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇనుప ముక్కకు పట్టిన మట్టి తుడిచి కొలవాలని కొత్తగా చేరినవాళ్లకు నేర్పేవాణ్ణి, పిల్లలను బూట్లు విప్పించి కొలుస్తారని నాకు ఎందుకు తోచలేదో దేవుడికే తెలియాలి. వాడు వంగి బూటు లాగితే రబ్బరు ముక్కలు ఊడి కింద పడ్డాయి. నీలం రంగువి రెండు. రెండో బూటు లాగితే ఇంకో రెండు. వాడు వాటిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మా కూతురు గబుక్కున వంగి వాటిని ఏరి సంచిలో వేసేసింది.

వాడు మేజోళ్లతో స్తంభం దగ్గరికి పోయి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ అమ్మాయి చెక్క తెచ్చి తల మీద ఆనించింది. గీతకు చెక్క తగిలింది. తగలడమే కాదు, కొంచెం పైనే ఉంది.

"ఓకే, లోపలికి పో," అంది.

అక్కాతమ్ముళ్లు ఇద్దరూ పోయి పక్కపక్కన కూర్చున్నారు. వాడు దిగి వచ్చేదాకా నేను వాడి బూట్లు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. దిగి వచ్చాక ముఖం వెలిగిపోతోంది, గొంతు బొంగురు పోయింది, అయినా నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం చెట్టు కింద సకినాలు తింటూ అంతా అవ్వకే చెప్పాడు.

మూడు నెలల్లో మూడు వేళ్లు పెరిగాడా అని నేను దారి పొడుగునా తల బద్దలు కొట్టుకున్నాను. మరునాడు పొద్దున టేపు తీసుకుని దర్వాజ దగ్గర కూర్చున్నాను. మళ్లీ శుక్రవారమే. మా అమ్మ గడప కడుగుతోంది. ఆమె చెయ్యి ఆ గడప మీదుగా కిందికి, బండల మీదికి దిగడం చూస్తుంటే అప్పుడు వెలిగింది. నేను గడప మీద నుంచి కొలిచాను. వాడు బండల మీద నిలబడ్డాడు. గడప ఎత్తు నా మూడు వేళ్ల మీద ఇంకొంచెం ఉంటుంది. మూడు నెలలు ఆ పిల్లవాడు పాలు తాగి, చెట్టుకు వేలాడి, నట్టింట్లో పడుకుని అందుకోవాలని చూసింది గడపను. నూట ఇరవై వాడికి మొదటి రోజే అందింది.

"నీ వల్లనే అమ్మా," అన్నాను. "వాణ్ణి కొలవనియ్యకపోతివి, కడప ఎక్కనియ్యకపోతివి."

"కడప మీద కాలు పెట్టొద్దన్న. కింది నుంచి కొలవొద్దని అన్ననా?" అంది, తల ఎత్తకుండా. "కంపెనీల గిట్లనే కొలుస్తవా?"

కొడుకు నిద్ర కళ్లతో వచ్చి నా వెనక నిలబడ్డాడని చూసుకోలేదు. వాడికి టేపు పెట్టి చూపించాను. ఇదిగో, గీత తప్పు, కడపతోని వచ్చింది తిప్పలంతా అన్నాను. వాడు అంతా విన్నాడు.

"మరి ఆ చెప్పు ముక్కలు గూడ కడపనే పెట్టిందా?"

మా అమ్మ చెయ్యి ఆగింది. నేను టేపు చుట్టి పక్కన పెట్టాను.

"నేనే పెట్టిన."

"నేను సరిపోననుకున్నవా?"

అబద్ధం చెప్పే వీలుంది. ఏడేళ్ల పిల్లవాడు, నమ్మేవాడు. "అనుకున్న బిడ్డా," అన్నాను.

వాడు కాసేపు గీతకేసి చూశాడు. కోపమొస్తుందనుకున్నాను.

"నేను గూడ సరిపోననే అనుకున్న," అన్నాడు. "భయమైంది. నువ్వు సరిపోతవ్ పో అన్నవని పోయిన."

అని పెరట్లోకి మొహం కడుక్కోవడానికి పోయాడు. నేను లేవలేదు. నా నెత్తి మీద బాపు అరచెయ్యి, అది అక్కడ ఒక్క క్షణం ఆగడం, గుర్తొచ్చాయి. ఊరూరా గోడలు కట్టిన చెయ్యి, మేస్త్రీల టేపుకు ఎన్నడూ తప్పని జాన. వేలెడు తక్కువని ఆ చేతికి తెలియకుండా ఎట్లా ఉంటుంది. తెలిసే పొమ్మన్నాడు. బస్సులో ఆయనను వదిలేసి వేరే సీట్లో కూర్చున్నాను నేను.

మా అమ్మ చెంబులో నీళ్లు గడప మీద పోసి, "కాళ్లు జరుపు," అంది. జరిపాను.